వైన్స్ బోర్డు ఉంది.. తెలంగాణ వైన్ ఏది?

బాన్సువాడలో 'వైన్స్' ఎక్కడని అడిగితే మద్యం షాపు చూపిస్తారు. అక్కడ ఎక్కువగా పోయేది బీరు, విస్కీలే. వైన్ పేరు బోర్డుకే పరిమితం! అలాగని ద్రాక్ష మనకు కొత్తేం కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు ఒకప్పుడు పేరుమోశాయి. భూముల ధరలకు రెక్కలొచ్చాక చాలావరకు ప్లాట్లయ్యాయి.

ఆ సాగును మళ్లీ మొదలుపెట్టి ఆర్గానిక్ రెడ్ వైన్ తీయొచ్చా? అంత ఈజీ కాదు. అనాబ్-ఎ-షాహీ తినే తెల్ల ద్రాక్ష. రెడ్ వైన్‌కు ఆ రంగు నల్ల ద్రాక్ష తొక్క నుంచే వస్తుంది. అంటే షిరాజ్ లాంటి రకాలు కొత్తగా నాటాలి. నీరు నిలవని వాలు నేలలు చూసుకోవాలి. నిజాంసాగర్ ఆయకట్టు వరి మడుల్లో కుదరదు. బూజు తెగులు వచ్చినా రసాయన మందులు కొట్టకూడదు. ఆర్గానిక్ సర్టిఫికెట్‌కు మూడేళ్లు ఆగాలి. అప్పటిదాకా ఖర్చంతా రైతుదే.

అసలు తేడా పాలసీలో ఉంది. మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చి, వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయింపు ఇచ్చింది. నాసిక్ ఎదగడానికి అదో పెద్ద కారణం. తెలంగాణలో మద్యం హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలోనే. తోట దగ్గరే సీసా అమ్ముకునే వీలు ఉంటుందా లేదా అన్నది ముందు తేల్చకుండా రైతును తీగ నాటమంటే, అప్పు చేయమన్నట్టే.