ప్రేమవిందులో పెద్దకూరకు చోటేది?



మన సంఘాల్లో ప్రేమవిందు అనగానే కమిటీలో మొదట వచ్చే మాట కోడి. చందాలు బాగా వస్తే మేక. పెద్దకూర పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తనివాళ్లలో ఎంతోమంది ఇళ్లలో పండగపూట పొయ్యిమీద ఉడికేది అదే. ఇంట్లో ఇష్టంగా తినేదాన్ని దేవుని మందిరంలో ఎందుకు దాచుకుంటున్నాం?

కోయంబత్తూరు గాంధీపురాన్నే తీసుకోండి. నగరం నిద్ర లేవకముందే వీధులు ఊడ్చే చేతుల్లో చాలావరకు అరుంధతీయులవి. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆ జీతాలతో కిలో మేకమాంసం కొనడమంటే మాటలు కాదు. గొడ్డుమాంసం సుమారు సగం ధరకే దొరుకుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంటికి సులువుగా పట్టే ఇనుము, మాంసకృత్తులు, బి12 తక్కువ ఖర్చుతో ఇచ్చే కూరను చిన్నచూపు చూడటం పేదవాడి కంచాన్ని చిన్నచూపు చూడటమే.

వండటం కూడా కష్టమేమీ కాదు. కూరగాయలు కలిస్తే ఆరుగురికి అరకిలో చాలు. ఎముకతో ఉన్న పిక్క, మెడ ముక్కలు అడగండి. వాటికి ధర తక్కువ, రుచి ఎక్కువ. గట్టిగా ఉంటాయని వెనకాడొద్దు. నిదానంగా ఉడికితే ఆ పీచే కరిగి పులుసును చిక్కబరుస్తుంది. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచండి. రెండు ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, నీరు ఇంకేదాకా వేయించండి. ధనియాలపొడి, మిరియాలపొడి, రెండు టమాటాలు, రాత్రి నానబెట్టిన శనగలు రెండు గుప్పెళ్లు వేసి, మునిగేదాకా నీళ్లు పోయండి. కుక్కర్‌లో మొదటి విజిల్ వచ్చాక సన్నని మంటమీద అరగంట ఉంచాలి. కుండలో అయితే రెండు గంటల పైమాటే కాబట్టి గ్యాస్ ఆదాకు కుక్కరే మేలు. మాంసం మెత్తబడ్డాకే బంగాళాదుంప, ముల్లంగి, క్యారెట్ వేయండి. ముందే వేస్తే చితికిపోతాయి. పాలక్కాడు దాటితే ఇందులో కొబ్బరిపాలు పోసి స్టూ అంటారు. మనకు మిరియాల ఘాటే ఇష్టం.

ఇందులో వాక్యానికి విరుద్ధమైనది ఏముంది? ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో తినదగిన జంతువులలో మొదట చెప్పినది ఎద్దునే. అబ్రాహాము అతిథులకు వండించింది లేగదూడను. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి పెట్టిన విందు క్రొవ్విన దూడతోనే. సిగ్గు మనకు వాక్యం నుంచి రాలేదు, కులం నుంచి వచ్చింది. ఎవరి కంచంలో ఏముందో చూసి మనిషి విలువ కట్టే అలవాటు, బాప్తిస్మం తర్వాత కూడా మనతోపాటు మందిరంలోకి నడిచి వచ్చింది. కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే తిని లేనివాళ్లను సిగ్గుపరిచారని పౌలు గద్దించాడు. లేనివాళ్ల కూరనే విందు నుంచి వెలివేస్తే మనల్ని మెచ్చుకుంటాడా?

భయం కూడా ఉందని తెలుసు. 2025 జనవరిలో ఇదే కోయంబత్తూరు ఉదయంపాళయంలో బీఫ్ బిర్యానీ అమ్ముకునే దంపతులను ఒక పార్టీ నాయకుడు అడ్డుకున్నాడు. వాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు పెట్టారు. తమిళనాడు 1958 చట్టం వధకు షరతులు పెట్టింది తప్ప తినడాన్ని నేరం అనలేదు. బయటివాళ్ల బెదిరింపును చట్టంతో ఎదుర్కోవచ్చు. మనలో మనం పెట్టుకున్న నిషేధాన్ని తీసేయాల్సింది మాత్రం మనమే.

ఎవరినీ బలవంతపెట్టమని కాదు. తిననివాడిని తినేవాడు తృణీకరించకూడదు, తినేవాడికి తిననివాడు తీర్పు తీర్చకూడదు. రోమా పత్రిక 14వ అధ్యాయం బోధించేది ఇదే. కాబట్టి ఒక గుండిగలో సాంబారు, మరో గుండిగలో పెద్దకూర పులుసు ఉండనివ్వండి. పంక్తి మాత్రం ఒక్కటే ఉండాలి. వచ్చే ప్రేమవిందుకు కమిటీ కూర్చున్నప్పుడు ఆ పేరు గట్టిగా ఎత్తండి. వండటం తెలిసిన అమ్మలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్లను అడగడమే తరువాయి.