మైకు ముందు నియ్యత్

చాచా నాలుగు నిమిషాలు మాట్లాడారు. టీవీలో వచ్చింది ఐదు సెకన్లు.

ఆదిలాబాద్ దిక్కు ఓ కస్బాలో ఖబరస్తాన్ గోడ ఝగడా అది. "హమ్ కిసీసే డర్తే నహీఁ, కానూన్ పే భరోసా హై" అన్నారాయన. కాగితాలూ చూపించారు. స్క్రీన్ మీదికి మొదటి ముక్కే ఎక్కింది: "మేం ఎవరికీ భయపడం." సాయంత్రానికల్లా అది ధమ్కీ అయి కూర్చుంది. ఆ ముక్క కోసి పంపింది నేనే. బద్నీయత్ కాదు, జల్దీ. డెస్కు వాళ్లు చిన్న బైటు చాలన్నారు. ఆ తర్వాత చాచా నా సలాముకు జవాబిచ్చారు గానీ నా ముఖం చూడలేదు.

2020 మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా జమాత్ వాళ్లకు కరోనా అని తేలింది. ముకరంపుర చుట్టూ బారికేడ్లు పడ్డాయి. బీమారీ ఖబర్ కాస్తా కౌమ్ ఖబర్ అయిపోయింది. ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, అక్కడ విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారన్నది, మీడియా ప్రచారాన్నీ తప్పుపట్టింది. ఆ తీర్పు చదివినవాళ్లెందరు? మార్చిలో టీవీ చూసినవాళ్లెందరు?

అందుకే నా మాట ఒక్కటే. మైకు వచ్చాక ఆలోచించొద్దు. నమాజుకు ముందు నియ్యత్ ఉన్నట్టే, బైటుకు ముందు ఒక వాక్యం తయారుండాలి.

ఏ చానెల్, ఏ సవాల్, లైవా రికార్డింగా అని ముందు అడగండి. "పది నిమిషాలు ఆగు బేటా" అనడం మీ హక్కు. అసలు మాట మొదట చెప్పండి, పదిహేను సెకన్లలో ముగించండి. రెండుగా కోస్తే అర్థం మారే వాక్యం వద్దు. చాచా "కానూన్ మీద భరోసా ఉంది, కాగితాలు ఇవిగో" అని ఆపేసుంటే నా కత్తెరకు పని ఉండేది కాదు. "దాచిపెట్టారా?" అంటే "దాచలేదు" అనకండి, ఇల్జామ్ మీ నోటితోనే మళ్లీ పలుకుతుంది. ఏం చేశారో చెప్పండి. తెలియకపోతే "తెలియదు" అనండి. మీ ఫోనులోనూ రికార్డు చేసుకోండి.

ఎవరు మాట్లాడాలన్నది మొహల్లా మష్వరాలో ముందే తేల్చుకోండి. మూసా అలైహిస్సలాం ఫిరౌన్ దగ్గరికి పోయే ముందు నాలుక ముడి విప్పమని దువా చేశారు, తనకన్నా బాగా మాట్లాడే సోదరుడు హారూన్‌ను తోడు అడిగారు. పైగంబరే తయారీతో పోతే మనకేం నామోషీ? మీ మొహల్లా హారూన్, తెలుగులో ధారాళంగా మాట్లాడే డిగ్రీ చదివే బిడ్డే కావచ్చు. సదర్ సాబ్ పక్కకు జరిగి ఆ అమ్మాయికి మైకివ్వాలి.

"ఎప్పుడూ మనమే సఫాయీ ఇచ్చుకోవాలా?" అని గుస్సా పడతారు. ఆ గుస్సా న్యాయమే. కానీ ఇది సఫాయీ కాదు భాయ్. మన మాటను మన మాటగానే ఇల్లు దాటించడం.

ఖబర్ వస్తే తహ్‌ఖీఖ్ చేసుకోమని సూరె హుజురాత్‌లో హుకుం ఉంది. అది నా లాంటి మైకు పట్టినవాళ్ల జిమ్మేదారీ. ఆ రోజు నేను తప్పాను. రేపు ఇంకో జల్దీబాజ్ మీ గల్లీకి వస్తాడు. వాడికి కోయడానికి వీల్లేని వాక్యం ఇవ్వండి.