వస పోసినా మాట రాకపోతే

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు పంచుకునే ఇళ్ళు మనవి. ఈ వేడుకలను తప్పుపట్టను. పసివాళ్ళ ఎదుగుదలను కళ్ళారా గమనించి వరుస కట్టిన తల్లుల తెలివి వాటిలో ఉంది. పిల్లల వార్డులో నర్సు అడిగేవీ ఇలాంటివే: మెడ ఎప్పుడు నిలిపాడు, మనిషిని చూసి ఎప్పుడు నవ్వాడు, పిలిస్తే తిరుగుతున్నాడా? ఇంట్లో మాత్రం వచ్చినదానికి పండగ చేసి, రానిదాన్ని దిష్టికీ తాయెత్తుకూ వస కొమ్ముకూ అప్పగిస్తాం.

మాటలు త్వరగా రావాలని వస అరగదీసి నెలల పసికందు నాలుకకు రాస్తారు. రాసిన పిల్లల్లో ఎక్కువమంది మాట్లాడతారు. రాయని పిల్లలూ అంతే. ఏడాది అటూ ఇటూగా ఎలాగూ వచ్చే మాటల ఘనత వసకు దక్కుతుంది. వస పోసినా మాట్లాడని బిడ్డ ఎవరి లెక్కలోకీ రాదు. అప్పుడు తప్పు తల్లి జాతకానిదో, గ్రహణానిదో అవుతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మాట రాని పిల్లల్లో కొందరికి అసలు వినపడదు. చెవికి చేరని మాట నాలుక మీదికి ఎలా వస్తుంది? పుట్టు చెవుడున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో ఉంగా ఉంగా అంటుంది కాబట్టి ఇంట్లో అనుమానం రాదు. పైగా వసలో ఉండే బీటా అసరోన్ కారణంగా అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. తేనెలో రంగరిస్తే, ఏడాదిలోపు బిడ్డకు బొటులిజం ముప్పు కూడా తోడవుతుంది.

"వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే" అనే నానమ్మ మాటను పూర్తిగా కొట్టేయలేం. భారత్ సహా 5 దేశాల పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవచ్చు. కొందరు పాకకుండానే నడుస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కగట్టాలి. అయితే ఆ వెసులుబాటుకూ హద్దుంది. 18 నెలలు నిండినా నడవని బిడ్డను డాక్టరుకు చూపించాల్సిందే.

తిరువనంతపురంలో రూపొందిన 17 అంశాల పట్టికతో రెండేళ్ళలోపు బిడ్డను నర్సు కొద్ది నిమిషాల్లోనే పరీక్షించగలదు. ఎదుగుదలలో జాప్యాన్ని కూడా తొందరగా పసిగట్టేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. వినికిడికి వైద్యులు పెట్టుకున్న గడువు ఇంకా చిన్నది: మొదటి నెలలో పరీక్ష, 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా చికిత్స. మొక్కు తీరేదాకా ఆగుదామనుకున్న ఇంట్లో ఈ మూడు గడువులూ దాటిపోతాయి.