శిబిరము లెవరి కొఱకు?

మన పట్టణములయందు సేవాశిబిరములకు కొదువ లేదు. పందిరి వేయుదురు, మూడు చక్రముల బండ్లను వరుసగా నిలుపుదురు, బండి వెనుక దాత పేరు పెద్ద యక్షరములతో వ్రాయింతురు. ఉపన్యాసములు, పూలదండలు, ఛాయాచిత్రములు కాగా మధ్యాహ్నమునకు సభ ముగియును. ఇంతమంది వికలాంగులకు ఇన్ని బండ్లు పంచిరని మరునాటి పత్రికలో వార్త వచ్చును. ఇది చెడ్డపని యని యెవ్వరును అనజాలరు. కాని ఆ సభ యెవరి కొఱకు జరిగినదని మాత్రము ఒకమారు ప్రశ్నించుకొనక తప్పదు.

అట్టి శిబిరమొకదానికి నేనును సేవకుడనై పోయితిని. వేదికకు ఆరు మెట్లు. పేరు పిలిచినప్పుడెల్ల ఇద్దరు యువకులు ఒక వికలాంగుని మూటవలె ఎత్తి వేదికమీదికి చేర్చుచుండిరి. చెవుడు గల యువకుడొకడు ఉదయము మొదలు ఉపన్యాసకుల పెదవులనే చూచుచు కూర్చుండెను. సైగలతో అతనికి చెప్పువారొక్కరును లేరు. బండి పుచ్చుకొనిన వృద్ధురాలొకతె, "బాబూ, ఈ బండి మా సందులో పట్టదు, మా గుమ్మం దాటదు. దీన్నేం చేసుకోను?" అని యడిగెను. వేదికమీది పెద్దమనిషి యొకరు, "దానమిచ్చిన ఆవుకు పళ్లు పట్టి చూచినట్లున్నది" అనిరి. అందఱును నవ్విరి. నవ్వినవారిలో నేనును ఒకడను.

ఆ నవ్వు నన్ను ఇంటివరకు వెంబడించినది. న్యాయస్థానమున నా కక్షిదారుడు, "ఈ తీర్పు నాకు అక్కఱకు రాదు" అని చెప్పినచో నేను నవ్వుదునా? ఏది పనికివచ్చునో, ఏది పనికిరాదో ఆ వృద్ధురాలు గాక మఱి యెవరు చెప్పగలరు?

అట్లని శిబిరములు వలదని నా మతము కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున 2.68 కోట్ల మంది వికలాంగులు కానవచ్చిరి. వారిలో 1.86 కోట్ల మంది పల్లెవాసులు. అక్షరాస్యులు నూటికి 55 మంది మాత్రమే. కరపత్రము వేసితిమి, చరవాణికి సందేశము పంపితిమి అని మనము తృప్తి చెందినచో తక్కినవారి మాట యేమి? నూటికి 40 పాళ్లు వైకల్యమున్నదని ధ్రువపత్రము లేనిదే పెక్కు సౌకర్యములు దక్కవు. ఆ పత్రమునకై వైద్యుని కడకు పోవుటయే పలువురకు గండము. కావున మనిషి మనిషిని వెదకికొని పోవలసినదే, ఎదుట కూర్చుండి మాటాడవలసినదే. చిక్కు పోవుటలో లేదు, పోయిన తీరులో నున్నది.

సరియైన తీరునకు మన దేశముననే నిదర్శనము కలదు. 1968 ప్రాంతమున జయపురమునందు వైద్యుడైన పి.కె. సేఠీయు, శిల్పియైన రామచంద్ర శర్మయు కలసి ఒక కృత్రిమ పాదమును రూపొందించిరి. అదివఱకు పరదేశముల నుండి వచ్చిన పాదములు బూట్లు తొడిగి కుర్చీలలో కూర్చుండువారికై చేసినవి. మనవారో, బాసిపట్లు వేసికొని భోజనము చేయుదురు, గొంతుకూర్చుందురు, వట్టి కాళ్లతో పొలము గట్లమీద నడతురు. ఈ పనులన్నింటికిని జయపుర పాదము అనుకూలించినది. 1975లో జయపురముననే స్థాపితమైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీనిని ఊరూరి శిబిరములకు కొనిపోయి, కొలత తీసికొని, అక్కడనే తయారుచేసి తొడుగుచున్నది. తొడుగుకొనువాని బ్రతుకును ముందు చూచి, వస్తువును పిమ్మట చేయుటయే ఆ విజయమునకు మూలము.

చక్రముల కుర్చీ విషయమును ఇట్టిదే. దాని పంపిణీకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో ఎనిమిది మెట్లున్నవి. మనిషిని పరీక్షించుట, తగిన కుర్చీని నిర్ణయించుట, శరీరమునకు అమర్చుట, వాడుక నేర్పుట, పిమ్మట మరమ్మతు చూచుట ఇవన్నియు అందులోనివే. మన శిబిరములలో చేతికిచ్చి ఛాయాచిత్రము తీయుటతో పని ముగియుచున్నది! స్పర్శజ్ఞానము లేని శరీరమునకు కొలత కుదరని ఆసనము పుండ్లు పుట్టించును. అవి ముదిరి ప్రాణముమీదికి వచ్చుటయు కలదు. కావున ఈ యావుకు పళ్లు పట్టి చూచుట కృతఘ్నత కాదు, ఆత్మరక్షణము.

అసలు ఇది దానమే కాదు. 1995 శాసనము ఏడు విధముల వైకల్యములను గుర్తింపగా, 2016 శాసనము ఇరువది యొకటింటిని గుర్తించి, సమానత్వమును హక్కుగా ప్రకటించినది. ఆ శాసనమున ప్రైవేటు సంస్థలనగా కంపెనీలు మాత్రమే కావు. సంఘములును, ధర్మనిధులును ఆ నిర్వచనములో చేరియున్నవి. అందుబాటు ప్రమాణములు కేవలము సలహాలుగా నుండరాదనియు, తప్పక పాటింపవలసిన నియమములు చేయవలెననియు 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. వికలాంగుల సభకు మెట్లు మాత్రమే గల వేదికను కట్టుట ఇక మర్యాదలోపమని సరిపెట్టుకొనదగినది కాదు.

"మేము చందాలతో నడుచువారము, ఇన్ని నిబంధనలు పెట్టినచో శిబిరములే ఆగిపోవును" అని కొందఱనవచ్చును. ఈ కష్టము నే నెఱుగనిది కాదు. చందాపుస్తకము పట్టి నేనును వీధులు తిరిగితిని. అయినను స్వాగత ద్వారములకును ఫ్లెక్సీలకును చాలిన ధనము నాలుగు పలకల వాలుబాటకు చాలకపోవునా? నూఱు బండ్లిచ్చి అటకలపాలు చేయుటకంటె ఇరువది యిచ్చి నడిపించుట మేలు.

చేయవలసినవి అసాధ్యములు కావు. శిబిరమును నిర్ణయించు సంఘమునందే వికలాంగులు సభ్యులై యుండవలెను. ముందుగా ఇండ్లకు పోయి అక్కఱలు విచారింపవలెను. సభ నేలమట్టమున జరుగవలెను; చక్రముల కుర్చీ పట్టునంతటి వాకిలి గల మరుగుదొడ్డి యుండవలెను; సైగభాష యెఱిగినవారు ఒకరైనను నిలువవలెను. అనుమతి లేనిదే యెవరి ఛాయాచిత్రమును తీయరాదు. మరల ఏనాడు వత్తురో, చెడినచో బాగుచేయువా రెవరో, ఇచ్చిన ప్రతి వస్తువు వెంట వ్రాసి యీయవలెను.

చదువరులారా! ఇకమీదట అట్టి సభకు మీకు ఆహ్వానము వచ్చినప్పుడు ముఖ్య అతిథి యెవరని యడుగకుడు. వేదిక యెక్కుటకు దారి యేదని యడుగుడు. నా మట్టుకు నేను ఆ వృద్ధురాలి సందునకు పోయి, ఆ గుమ్మమును కొలిచి రాదలచితిని. ఆమె ప్రశ్నకు నవ్వితిని గాని, బదులు చెప్పలేదు. ఆ బదులు నేనింకను బాకీపడియున్నాను.