పిల్లల మనసునే కాదు, బడినీ పరీక్షించాలి

"మా గుంటడు బడికెల్నంటన్నాడు మేష్టారూ" అని తల్లి చెబితే మనమేమంటున్నాం? బద్ధకం అంటున్నాం. పేటలో గాలి సోకిందని తాయెత్తు కడుతున్నారు. స్కూల్లో అయితే "వీళ్లకు చదువెక్కడ అబ్బుతుంది" అంటున్నారు. వాడి మనసులో ఏముందో అడిగేవాళ్లు లేరు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద వైద్య సిబ్బంది బడికొచ్చి పిల్లల కళ్లు, పళ్లు, రక్తం తక్కువైందా అన్నది చూస్తారు. మంచిదే. మరి మనసుకు తగిలిన దెబ్బ ఎవరు చూడాలి?

2023లో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలి. అంతకు తక్కువుంటే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం నేర్పాలి.

మెలిక ఇక్కడే ఉంది. పేటల్లో బళ్లు చిన్నవి. వంద మంది లేని బడికి కౌన్సిలర్ రాడు. "సంబంధం" కాగితం మీదే ఉండిపోతుంది. మన నెల్లిమర్లలోనే మిమ్స్ మెడికల్ కాలేజీ ఉంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏ బడి పిల్లల్ని ఏ ఆసుపత్రికి, ఏ రోజు, ఎవరి దగ్గరికి పంపుతారో రాసి బడి గోడ మీద పెట్టమని మనం అడగాలి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మూలన కూర్చున్న పిల్లను చూసి "దీనికి మెంటల్" అని రాసేస్తే, కులం పేరు పక్కన మరో తిట్టు చేరినట్టే. ఆ మూలన కూర్చోబెట్టిందెవరు? చిన్ననాడు బాబాసాహెబ్ బడికి గోనెపట్టా తానే తెచ్చుకుని విడిగా కూర్చున్నాడు. జబ్బు ఆ బాలుడిదా, ఆ బడిదా? సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలివేయబడిన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఓదార్పు కావాలి, నిజమే. న్యాయం లేని ఓదార్పు ఎంతకాలం నిలుస్తుంది?

అందుకే మేము అడుగుతున్నాం:

1. పిల్లల మనసు పరీక్ష తల్లిదండ్రులకు చెప్పి చెయ్యాలి. ఫలితం నలుగురిలో చదవరాదు.

2. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరిచేత ఊడ్పిస్తున్నారో, ఏ పేరుతో పిలుస్తున్నారో కూడా విచారించాలి.

3. సిబ్బంది శిక్షణలో కుల వివక్ష గురించి తప్పక చెప్పాలి.

కార్యకర్తలారా! టెలి మానస్ నంబరు 14416. ఫోను చేస్తే డబ్బు పడదు. ప్రతి పేటలో గోడల మీద రాయండి. తల్లులారా, తండ్రులారా! బిడ్డ మాట తగ్గినా, తిండి తగ్గినా కొట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. బడి కమిటీ మీటింగుకు వెళ్లి గట్టిగా అడగండి.

జై భీమ్!