సైలెన్సర్‌కు సిఫారిష్ చేసే మామాలకూ, చాచాలకూ



పోయిన జుమ్మా రోజు మా భాంజా ఇంటికొచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోలో జీటీ టీఎస్‌ఐకి కొత్త ఎగ్జాస్ట్ వేయించాలట, ఎనభై వేలు కావాలట. "అబ్బాకు మీరు చెబితే కాదనడు మామూ" అన్నాడు. వాళ్ల అబ్బా, అంటే మా దుల్హేభాయ్, జుబైల్ ఎండలో వెల్డింగ్ చేస్తాడు. సిఫారిష్ చేయనన్నాను. ఆపాకు గుస్సా వచ్చింది. "జవాన్ పిల్లాడి షౌఖ్, నీదేం పోయింది?" అంది. ఆపాకు అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నా.

షార్జా గ్యారేజీలో తొమ్మిదేళ్లు ఇంజిన్లు విప్పినవాణ్ణి. షౌఖ్‌కు నేను దుష్మన్ కాదు. కానీ ఈ ధందాలో కారుకు ఏం కావాలో ఎవరూ అడగరు. చెవికి వినబడేదే ముందు అంటగడతారు.

ఆ కారుది 1.2 లీటర్ల టర్బో ఇంజిన్. 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. వెనక పైపూ మఫ్లరూ మారిస్తే ఆవాజ్ మారుతుంది, తాఖత్ పెరిగేది నామ్ కే వాస్తే. టర్బో కారులో తాఖత్ బూస్ట్‌లో ఉంటుంది, దాన్ని పెంచేది ఈసీయూలోని మ్యాప్. "సైలెన్సర్‌తోనే ఇరవై హార్స్‌పవర్" అనే ఉస్తాద్‌ను, బిగించక ముందూ బిగించాకా బండిని డైనో ఎక్కించి చూపించమనండి. వెంటనే చాయ్ తెప్పించి మాట మారుస్తాడు.

ఇక కేటలిటిక్ కన్వర్టర్. అది పీకేస్తే ఇంజిన్‌కు ఊపిరి ఆడుతుందంటారు. కొంత సచ్ ఉంది, టర్బో వెనక అడ్డు తగ్గుతుంది. కానీ కార్బన్ మోనాక్సైడ్‌నూ, కాలని పెట్రోల్ ఆవిరినీ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ చాలావరకు ఆపేది ఆ డబ్బీయే. అది లేని బండి స్టార్ట్ చేసి గల్లీలో నిలబెడితే ఆ జహర్ ఎవరింట్లోకి పోతుంది? మా పక్కింటి దాదీ దమ్మాతో రాత్రంతా కూర్చునే ఉంటుంది. ఆమె కిటికీ, పైపు మూతి ఒకే ఎత్తులో ఉంటాయి. హమ్‌సాయా హఖ్ గురించి బయాన్లు విని, అదే మహల్లాలో కొడుక్కి ఈ పైపు కొనిచ్చే అబ్బాలను ఏమనాలి!

యాక్సిలరేటర్ వదలగానే ఫట్ ఫట్‌మనే ఆ పేలుళ్లు కూడా ట్యూనింగ్ పేరుతోనే అమ్ముతున్నారు. స్పార్క్‌ను ఆలస్యం చేసి, పెట్రోల్‌ను ఎగ్జాస్ట్‌లో తగలబెట్టడమే అందులో హునర్. ఆ వేడికి కన్వర్టరూ టర్బో కూడా దెబ్బతింటాయి. పైసలిచ్చి నుఖ్సాన్ కొనుక్కోవడాన్ని మన పెద్దలు ఇస్రాఫ్ అన్నారు, నాకు ఇంకో మాట తెలియదు.

ఖానూన్ సంగతి రెండు ముక్కల్లో. కంపెనీ లెక్కకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. సుప్రీం కోర్టు 2019 జనవరిలో అదే ఖరారు చేసింది. ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా, లేదా ఆరు నెలల దాకా ఖైద్, లేదా రెండూ. మోత మీద, పొగ మీద కేసైతే జుర్మానా 10,000 దాకా, లైసెన్స్ మూడు నెలలు బంద్. ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ రోజు తకరార్ తప్పదు. మ్యాప్ కూడా ఈ చిక్కుల నుంచి బయటిదేం కాదు.

అయినా ట్యూనింగ్ చేయిస్తానని జిద్ పడితే భాంజాకు నేను వేసే సవాళ్లు వేరే. టైర్లు ఎన్నేళ్లవి? బ్రేక్ ప్యాడ్లు చూశావా? నీ ఏడు గేర్ల డీఎస్‌జీ 250 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం తయారైంది, మ్యాప్ రాసేవాడు ఆ హద్దు ఎంత దూరంలో ఆపుతాడు? యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోల్ కోసం రాసిన మ్యాప్‌ను మన బంకు పెట్రోల్ మీద నడిపితే నాకింగ్ వస్తుందని నీకెవరైనా చెప్పారా? వేటికీ జవాబు లేదు. ఫోన్‌లో ఎగ్జాస్ట్ ఆవాజ్ వినిపించాడు, అంతే.

టైర్లకూ బ్రేకులకూ సగం పైసలు నేనిస్తానన్నాను. వాడు ఆలోచిస్తానని వెళ్లాడు. ఆపా మాత్రం ఇంకా ఫోన్ ఎత్తడం లేదు.