నిషేధం ఉపాసన కాదు

శ్రీగురుభ్యో నమః

ఏథెన్స్ నగరంలో 1987లో సాకిస్ తోలిస్, థెమిస్ తోలిస్ అనే సోదరులు స్థాపించిన బ్లాక్ మెటల్ వాద్యబృందం 'రాటింగ్ క్రైస్ట్'. 'కుళ్ళిపోతున్న క్రీస్తు' అని ఆ నామానికి అర్థం. ఈ బృందం 2024 మే నెలలో వెలువరించిన గీతసంపుటి పేరు 'ప్రో ఖ్రిస్తూ', అనగా గ్రీకు భాషలో 'క్రీస్తుకు పూర్వం'. క్రైస్తవ మతవిస్తరణను ప్రతిఘటించిన చివరి బహుదేవతారాధకులైన రాజులకు నివాళిగా ఈ సంపుటి రూపొందింది. ఉద్దేశం గంభీరమైనది. నాదం ఉద్ధతమైనది. ఇట్టి కృతిని విన్న సనాతనధర్మాభిమాని హృదయంలో ఒక విధమైన ఉల్లాసం జనించడం అసహజం కాదు. ఆ ఉల్లాసం యుక్తమా, అయుక్తమా అన్నదే ఇక్కడ విచార్యం.

పూర్వపక్షం ఇది: "ఒకనాడు గ్రీసు దేశం కూడా బహుదేవతారాధనకు నిలయం. అక్కడా సూర్యోపాసన ఉన్నది, అగ్నికార్యం ఉన్నది, గృహదేవతలు ఉన్నారు. రాజశాసనాలతో ఆ ధర్మం నిర్మూలితమైనది. నేడు ఆ నేలపై పుట్టినవారే ఆ అన్యాయాన్ని గొంతెత్తి చాటుతున్నారు. వారు సనాతనధర్మానికి సహజ మిత్రులు. వారి విజయం ధర్మవిజయమే."

ఇందులోని చరిత్రాంశం సత్యమే. క్రీ.శ. 392లో థియోడోసియస్ చక్రవర్తి పేర వెలువడిన శాసనం పశుబలులను నిషేధించి ఊరుకోలేదు. గృహదేవతల ముందు దీపం వెలిగించడాన్ని, ధూపం వేయడాన్ని, పూలమాల వ్రేలాడదీయడాన్ని కూడా నేరంగా ప్రకటించింది. 529లో జస్టీనియన్ ఆజ్ఞతో ఏథెన్సులో తత్త్వశాస్త్రబోధ నిలిచిపోయింది. డమాస్కియస్ మొదలైన ఏడుగురు తత్త్వవేత్తలు పారసీక రాజైన ఖుస్రో ఆస్థానానికి తరలిపోయారు. గురుశిష్యపరంపర ఛిన్నమైనప్పుడు ఒక జాతి ఎంత దరిద్రమవుతుందో తెలిసినవారు ఈ వృత్తాంతాన్ని నిర్వికారంగా వినలేరు.

అయినను దుఃఖం సత్యమైనంత మాత్రాన దానికి ప్రతిక్రియగా పుట్టినదంతా ధర్మం కాజాలదు. ఈ సంపుటిలోని దోషం శబ్దతీవ్రతలో లేదు, దాని స్వరూపనిర్వచనంలో ఉన్నది.

న్యాయశాస్త్రంలో అభావపదార్థ విచారణ ప్రసిద్ధం. 'ఇక్కడ ఘటం లేదు' అనే జ్ఞానం కలగాలంటే ఘటజ్ఞానం ముందుగా ఉండాలి. ఆ ఘటమే ఆ అభావానికి ప్రతియోగి. ప్రతియోగిని తొలగిస్తే అభావాన్ని నిర్దేశించడమే సాధ్యం కాదు. ఈ న్యాయాన్ని ఆ బృందనామానికి అన్వయిస్తే ఫలితం స్పష్టం. క్రీస్తు లేనిదే ఆ నామం లేదు. ఎవరిని తిరస్కరించాలని ఆ నామం పుట్టిందో, ఆయన స్మరణ లేకుండా దానిని ఉచ్చరించడమే అసాధ్యం. దశాబ్దాలుగా వేదిక వేదికపై ఆ నామమే మ్రోగుతున్నది. జియస్ నామం కాదు, ఎథీనా నామం కాదు.

ఈ సంపుటి శీర్షిక కూడా ఇదే బంధంలో చిక్కుకున్నది. ప్రాచీన గ్రీకులకు తమదైన కాలగణన ఉండేది. నాలుగేండ్లకొకసారి జరిగే ఒలింపిక్ క్రీడలను ఆధారం చేసుకొని, ఫలానా ఒలింపియాడ్‌లో ఫలానా సంవత్సరం అని వారి చరిత్రకారులు లెక్కించారు. ఆ రాజులను స్మరించదలచిన కృతి ఆ గణనను స్వీకరించలేదు. ఏ మతం ఆ దేవతలను తొలగించినదో, ఆ మతప్రవర్తకుని జన్మనే కొలబద్దగా స్వీకరించి, తన పూర్వులను 'ఆయనకు ముందువారు' అని పిలిచింది. వ్యవహారసౌకర్యం కోసం క్రీస్తుశకాన్ని లోకమంతా వాడుతున్నది, అందులో దోషం లేదు. కానీ వ్యవహారం వేరు, స్వరూపకథనం వేరు. పంచాంగంలోని లెక్కను ఆత్మపరిచయంగా మార్చుకొన్నవాడు తన ఓటమిని తన నోటితోనే అంగీకరిస్తున్నాడు.

సంపుటిలోని ఒక గీతానికి 'ది అపోస్టేట్', అనగా 'మతభ్రష్టుడు' అని పేరు. ఇది క్రీ.శ. 361 నుండి 363 వరకు రోమక సామ్రాజ్యాన్ని ఏలిన జూలియన్ చక్రవర్తికి రూఢమైన బిరుదు. అది ఆయన స్వయంగా ధరించినది కాదు, ప్రతిపక్షులు అంటగట్టినది. ఆయన దృష్టిలో ఆయన భ్రష్టుడు కాడు, స్వస్థానానికి మరలినవాడు. సూర్యదేవునిపైనా, దేవమాతపైనా ఆయన గద్యస్తోత్రాలు రచించాడు. ఆ ఉపాసకుని స్మరించడానికి ఆ స్తోత్రకర్తృత్వం పనికిరాలేదు, శత్రువు పెట్టిన తిట్టుపేరే పనికివచ్చింది. ఆ తిట్టును కిరీటంగా ధరించడం ధైర్యమని కొందరు అనవచ్చు. అయినను ఆ కిరీటాన్ని చేసినవాడు శత్రువే కదా.

ఇక్కడ వేదాంతపరిచయం గలవాడు ఆక్షేపించవచ్చు: "ఉపనిషత్తు కూడా నేతి నేతి అని నిషేధముఖంగానే బోధించింది కదా?" సత్యమే. కాని రజ్జువులో సర్పాన్ని నిషేధించినప్పుడు రజ్జుజ్ఞానం మిగులుతుంది. నేతి నేతి అనే వాక్యం ఉపాధులను తొలగించి, తొలగింపరాని అధిష్ఠానాన్ని శేషింపజేస్తుంది. అధిష్ఠానజ్ఞానం లేకుండా 'ఇది సర్పం కాదు, కాదు' అని రాత్రంతా అరచినవాని భయం తీరదు, గొంతు మాత్రం బొంగురుపోతుంది.

మరొక ఆక్షేపం: "శిశుపాలుడు ద్వేషంతోనే సాయుజ్యం పొందలేదా?" భాగవతం సప్తమస్కంధంలో నారదుడు ధర్మరాజుకు ఈ రహస్యాన్ని వివరించాడు. కీటకం భ్రమరాన్నే ధ్యానించి భ్రమరమైనట్లు, వైరంతోనైనా నిరంతరం స్మరించినవాడు స్మరింపబడినదానినే పొందుతాడు. ఈ న్యాయాన్ని అంగీకరిస్తే ఆ వాద్యబృందానికి అంతిమంగా లభింపవలసినది క్రీస్తు సాయుజ్యమే! ఆ ఫలం వారికీ సమ్మతం కాదు, వారిని శ్లాఘించే ధర్మాభిమానికీ సమ్మతం కాదు. పైగా ఏ ఆచార్యుడూ ద్వేషాన్ని సాధనగా విధించలేదు. అది భగవత్కరుణకు నిదర్శనమే కాని సాధకునికి మార్గం కాదు.

దీనికి విరుద్ధమైన మరొక పక్షం కూడా ఖండనీయమే. "ఇది తామసనాదం, ఆసురం, వినుటయే పాపం" అని చెవులు మూసుకొనేవారు తత్త్వాన్ని గాక భయాన్ని ఆశ్రయిస్తున్నారు. రౌద్రభయానకాలు కూడా రసాలే. ఉగ్రనరసింహుని గర్జనను ధ్యానించే సంప్రదాయం ఉగ్రస్వరాన్ని చూసి బెదరదు. 2018లో జార్జియా రాజధాని త్బిలిసిలో ఈ సోదరులను విమానాశ్రయంలోనే అదుపులోకి తీసుకొని కొన్ని గంటలపాటు నిర్బంధించారు. పాటకు సంకెల వేసే మతరక్షణ ఏ మతానికీ గౌరవం తేదు. అట్లే ఒకరి ఇష్టదైవాన్ని కుళ్ళినదిగా ప్రకటించే నామం కూడా ఎవరి ధర్మానికీ గౌరవం తేదు. వివేకానందుడు, ఆయన గురుభ్రాతలు 1886 డిసెంబరు 24 రాత్రి ఆంట్‌పూర్‌లో ధుని ముందు కూర్చుండి, క్రీస్తు త్యాగజీవితాన్ని స్మరిస్తూ సన్న్యాససంకల్పం చేశారు. తమ ధర్మంలో దృఢంగా నిలిచినవారికి అన్యుల ఆరాధ్యుని దూషింపవలసిన అవసరం కలగలేదు.

ఈ బృందం సంస్కృతాన్ని కూడా స్పృశించింది. 2016 నాటి 'రిచువల్స్' సంపుటిలో 'దేవదేవం' అనే గీతం ఉన్నది. సింగపూరుకు చెందిన 'రుద్ర' బృందగాయకుడు కదిర్ అందులో గళం కలిపాడు. అర్జునుడు గీత దశమాధ్యాయంలో భగవంతుని సంబోధించిన పదమిది. అదే సంపుటిలో ఫ్రెంచికవి బోదలేర్ రచించిన సైతాను ప్రార్థన కూడా చోటుచేసుకున్నది. రెండూ ఒకే పంక్తిలో కూర్చున్నవి. ఆ సంకలనంలో భావవైశాల్యం ఉండవచ్చు, నిష్ఠ మాత్రం లేదు. దేవనాగరిలో శీర్షిక కనబడినంతనే పరవశించే భక్తుడు, తన ఇష్టదైవాన్ని అక్కడ ఏ వరుసలో కూర్చుండబెట్టారో కూడా గమనించాలి.

అట్లయితే గ్రీకుదేవతలకు నిజమైన నివాళి ఎట్టిది? దానికి సమాధానం అదే ఏథెన్స్ నగరంలో ఉన్నది. అయిదవ శతాబ్దంలో అక్కడి తత్త్వశాస్త్రపరంపరకు అధిపతి ప్రోక్లస్. అప్పటికి నిషేధశాసనాలు అమలులో ఉన్నవి. ఆయన శిష్యుడు మారినస్ వ్రాసిన గురుచరిత్ర ప్రకారం, ప్రోక్లస్ ప్రతిదినం సూర్యోదయ మధ్యాహ్న సాయంకాలాలలో సూర్యునికి నమస్కరించేవాడు. దేవతాస్తోత్రాలు రచించాడు. ఆక్రోపోలిస్ కొండపైనున్న ఆలయం నుండి ఎథీనాదేవి విగ్రహాన్ని తొలగించిన కాలంలో ఆయనకు ఒక స్వప్నం కలిగింది. ఒక సుందరస్త్రీ కనబడి, 'ఏథెన్స్ అధిదేవత నీ యింట నివసింపగోరుతున్నది, గృహాన్ని సిద్ధపరచుకో' అని తెలిపింది.

ఈ స్వప్నంలో శత్రుప్రసక్తి లేదు, ప్రతీకారవాంఛ లేదు. ఆలయం పోయినప్పుడు దేవత ఎక్కడికి పోవాలి అన్నదే ప్రశ్న. ఎవని గృహంలో త్రికాలవందనం ఆగలేదో అక్కడికే అన్నది సమాధానం. ప్రోక్లస్ ఉపాసనకు ప్రతియోగి అవసరం లేదు. లోకంలో క్రైస్తవం అనేది పుట్టకపోయినా ఆయన సూర్యునికి నమస్కరించి ఉండేవాడే. 'ప్రో ఖ్రిస్తూ' సంపుటిని గురించి ఆ మాట చెప్పడానికి వీలులేదు.

థియోడోసియస్ శాసనకర్తలకు ఒక రహస్యం బాగుగా తెలుసు. ఆలయద్వారాలు మూసినా గృహంలో దీపం వెలుగుతున్నంతకాలం ఆ దేవతలు జీవించే ఉంటారు. అందుకే వారి శాసనం ఆ చిన్న దీపం దాకా వచ్చింది. నేటి ఆస్తికునికి దీపం వెలిగించవద్దని ఆజ్ఞాపించే చక్రవర్తి ఎవడూ లేడు. అయినను ఎన్ని గృహాలలో సాయంసంధ్యాదీపం ఆరిపోయింది? ఎందరి చేత సంధ్యావందనం విడువబడింది? ఎందరు సంకల్పంలో శ్వేతవరాహకల్పాన్ని, వైవస్వతమన్వంతరాన్ని ఉచ్చరిస్తూ తమ కాలంలో తాము నిలుస్తున్నారు? అన్యమతఖండనకు రాత్రి రెండుజాములు జాగరణ చేసి, ప్రాతఃకాలార్ఘ్యానికి లేవలేనివాని ధర్మాభిమానం ఆ గీతసంపుటికి భిన్నమైనది కాదు. అది కూడా ప్రతియోగి మీద ఆధారపడిన అభావమే.

కనుక సిద్ధాంతం ఇది. ఆ సంపుటిని వినదలచినవాడు వినవచ్చు, ఛిన్నమైన ఒక పరంపర కోసం దుఃఖించవచ్చు. దానిని ధర్మవిజయమని మాత్రం కీర్తింపరాదు. ధర్మం నిలిచేది శత్రునామాన్ని ఉచ్చస్వరంతో పలికే కంఠంలో కాదు, ఎవరూ చూడకపోయినా సంధ్యవేళ వత్తిని సరిచేసే చేతిలో.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు